బెడ్డుకు కార్డుంది, గోలీలకు లేదు

కాజీపేటలో ఒక గల్లీ, నాలుగిళ్లు అనుకుందాం. మొదటి ఇంటాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రెండో ఇంట్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పి దిగిన టీచరమ్మ. మూడో ఇంటాయన ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో ఫిట్టర్, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. నాలుగో ఇంటాయన భూపాలపల్లి గనిలో పనిచేసి, దిగిపోయాక కొడుకు దగ్గర ఉందామని ఇటొచ్చారు. ఇళ్లు ఊహించినవే అయినా వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ కాలనీకి పోయినా ఇలాంటివాళ్లు కనిపిస్తారు. నలుగురూ ముప్పై ఏళ్లకు తగ్గకుండా పనిచేశారు. నలుగురికీ షుగర్ ఉంది, ఇద్దరికి బీపీ తోడైంది. నెలాఖరుకు గోలీల పట్టీ ఖాళీ అయ్యేసరికి మాత్రం తలా ఒక దిక్కుకు బయల్దేరతారు.

రైల్వే ఆయన ఉమీద్ అనే రైల్వే వైద్య కార్డు జేబులో పెట్టుకొని కాజీపేట రైల్వే ఆసుపత్రికి నడిచిపోతారు. డాక్టరు చూసి రాస్తే అక్కడి కౌంటర్లోనే గోలీలిస్తారు. ఆసుపత్రికి రెండున్నర కిలోమీటర్ల అవతల ఉండి, ఓపీ వద్దనుకుంటే నెలకు వెయ్యి రూపాయల వైద్య భత్యం తీసుకునే వీలుంది. టీచరమ్మకు రాష్ట్ర ఉద్యోగుల ఆరోగ్య పథకం (ఈహెచ్‌ఎస్) కార్డుంది కాబట్టి వెల్‌నెస్ సెంటర్‌కు పోతారు. స్టాకుంటే గోలీలు దొరుకుతాయి, లేకుంటే చీటీ చేతికొస్తుంది. సింగరేణి ఆయనకు కంపెనీ మెడికల్ కార్డుంది, ఏరియా ఆసుపత్రి మాత్రం దాదాపు డెబ్బై కిలోమీటర్ల దూరంలో భూపాలపల్లిలో ఉంది. నెల గోలీల కోసం బస్సెక్కి పోవడం, రావడం, మధ్యలో తిండి లెక్కేసుకొని చాలాసార్లు ఊరుకుంటారు. ఫిట్టర్ నేరుగా చౌరస్తాలో మెడికల్ షాపుకు పోయి, పది రోజులకే ఇమ్మంటారు. నెల మందులు ఒకేసారి కొంటే పింఛను అక్కడే అయిపోతుంది.

పనిచేసిన ఏళ్లలో తేడా లేదు, రోగంలోనూ లేదు. ఏ గేటు గుండా బయటికొచ్చారన్న దాన్ని బట్టి ముసలితనం మారిపోతోంది. రిటైరైనవారి సంఘాలు కూడా ఈ గేట్ల వారీగానే చీలి ఉన్నాయి. ఎవరి డిమాండ్ పత్రం వారిదే, ఎవరి ధర్నా వారిదే. డిమాండ్లు న్యాయమైనవే. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక్క అవసరం మాత్రం ఏ పత్రంలోనూ పైవరసలో కనపడదు.

సూత్రంలో గడ్డకట్టిన పింఛను

పింఛను దయాధర్మం కాదని, హక్కని సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే చెప్పింది. 1982 డిసెంబర్ 17న డి.ఎస్. నకారా కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. 1979 మార్చి 31ని గీతగా పెట్టి, అంతకు ముందు దిగినవాళ్లకు ఒక లెక్క, తర్వాత దిగినవాళ్లకు మెరుగైన లెక్క అనడం చెల్లదంది. ఏటా డిసెంబర్ 17న పింఛనుదారుల దినోత్సవం జరిపేది అందుకే. ఆ రోజు హనుమకొండలో జరిగినా, కరీంనగర్‌లో జరిగినా సభలో నకారా పేరు రాకుండా ఉండదు.

ఆ తీర్పు అందరికీ గొడుగు పట్టలేదన్నది సభల్లో తక్కువగా వినిపించే సంగతి. 1990లో కృష్ణకుమార్ కేసులో కోర్టే గీత గీసింది: సర్కారు ఖజానా నుంచి పింఛను తీసుకునేవారు వేరు, భవిష్యనిధి (పీఎఫ్) కిందికి వచ్చేవారు వేరు అని. ఫిట్టర్, ఆర్టీసీ డ్రైవర్, బీడీలు చుట్టే అమ్మ అందరూ ఆ గీతకు అవతలే మిగిలిపోయారు. వారికున్నది 1995 నవంబర్ 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకం, వాడుకలో ఈపీఎస్-95. సర్కారు పింఛనుదారులకు కూడా నకారా ఇచ్చిన ధీమా ఇప్పుడు అంత గట్టిగా లేదు. పింఛనుదారుల మధ్య తేడా పెట్టే అధికారం తనకుందని కేంద్రం 2025 ఆర్థిక చట్టంలో రాసుకుంది.

ఈపీఎస్ సూత్రం చూడ్డానికి చిన్నదే. పింఛనుకు లెక్కలోకొచ్చే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. మతలబంతా ఆ ‘లెక్కలోకొచ్చే జీతం’లోనే ఉంది. 2014 ఆగస్టు దాకా దాని గరిష్ఠ పరిమితి 6,500 రూపాయలు, 2014 సెప్టెంబర్ 1 నుంచి 15,000. అసలు జీతం యాభై వేలున్నా సరే, పింఛను లెక్కకు ఆ పరిమితే. పైగా 2014కు ముందు సర్వీసుకు పాత పరిమితితో, తర్వాతి సర్వీసుకు కొత్త పరిమితితో విడివిడిగా కడతారు.

ఒక ఆర్టీసీ డ్రైవర్ లెక్క వేసి చూద్దాం. 1996లో చేరి 2024లో దిగారనుకుంటే, 2014 దాకా 18 ఏళ్లకు 6,500తో గుణించి 70తో భాగిస్తే 1,671 వస్తుంది. తర్వాతి పదేళ్లకు 15,000 చొప్పున 2,143. రెండూ కలిపితే 3,814. ఇరవై ఏళ్ల సర్వీసు దాటినవారికి కలిపే రెండేళ్ల బోనస్ వేసుకుంటే నాలుగు వేల చిల్లర. మేడారం జాతరకు రాత్రీపగలూ బస్సు నడిపిన మనిషికి వచ్చేది అది. భార్యకు మిగిలే వితంతు పింఛను అందులో సగం. ‘పాసుబుక్కులో పడిన పైసలు చూసి బ్యాంకోళ్లే తప్పేసిండ్రేమో అనుకున్న’ అని చెప్పేవాళ్లు డిపోకు ఒకరైనా ఉంటారు.

కనీస పింఛను 2014 సెప్టెంబర్ నుంచి నెలకు వెయ్యి. అంతకు ముందు ఏడాది భగత్‌సింగ్ కోశ్యారీ నేతృత్వంలోని రాజ్యసభ కమిటీ మూడు వేలు సిఫారసు చేసింది. ఈపీఎస్ పింఛనుదారుల జాతీయ పోరాట కమిటీ ఇప్పుడు అడుగుతున్నది 7,500, దానిపై కరువుభత్యం, దంపతులకు ఉచిత వైద్యం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీ చుట్టి రిటైరైన ఆడవాళ్లకు ఈ వెయ్యి ఎంత చిన్నదో పక్కింటి ఆసరా పింఛను చూస్తే తెలుస్తుంది. రాష్ట్ర సర్కారు ఇచ్చే ఆసరా 2,016 రూపాయలు. నెలనెలా కూలీలోంచి పీఎఫ్ కోయించుకున్న మనిషికి వెయ్యి, ఏమీ కట్టని మనిషికి దాని రెట్టింపు. ఆసరా ఎక్కువైందని కాదు, పీఎఫ్ పింఛను అంత కింద ఉందని.

అవతలి వాదన కూడా వినాలి. ఈ నిధిలోకి వచ్చేది యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం, కేంద్రం ఇచ్చే 1.16 శాతం. పదిహేను వేల జీతంపై అది నెలకు 1,250, దానికి తోడు 174. ముప్పై ఏళ్లు ఇంతే పడితే దాన్నుంచి జీవితాంతం ఎంత ఇవ్వగలమన్నది సర్కారు అడిగే ప్రశ్న. నిధి లోటులో ఉందని, వెయ్యి కనీసానికే బడ్జెట్ నుంచి పైసలు వేయాల్సి వస్తోందని పార్లమెంటులో ప్రతిసారీ జవాబొస్తుంది. జవాబులో నిజముంది. అయితే పరిమితిని అంత కిందికి కట్టింది కార్మికుడు కాదు. 2022 నవంబర్ 4న సుప్రీంకోర్టు అసలు జీతంపై పింఛనుకు ఆప్షన్ ఇచ్చుకునే దారి తెరిచింది. ఆప్షన్ గడువు 2023 జులై 11తో ముగిసింది. దరఖాస్తు పెట్టినవారిలో చాలామందికి అప్పుడు తెలిసొచ్చిందేమిటంటే, ఎక్కువ పింఛను కావాలంటే పాత తేడా వడ్డీతో సహా లక్షల్లో వెనక్కి కట్టాలి. ఇల్లు కట్టుకొనో, బిడ్డ పెళ్లి చేసో పీఎఫ్‌గా వచ్చిన ఆ పైసలు ఎప్పుడో ఖర్చు పెట్టుకున్నవారికి తీర్పు చేతికొచ్చినా వాడుకునే దారి లేదు.

7,500 అంకె చుట్టూ ఇన్నేళ్లుగా పోరాటం తిరుగుతోంది. అంకె కన్నా దాని పక్కనున్న కరువుభత్యం అన్న మాటకే ఎక్కువ విలువుంది. వెయ్యి అన్నది కూడా ఒకనాడు సాధించుకున్నదే. ధరలతో పాటు పెరిగే షరతు లేకపోవడంతో పదేళ్లలో దాని పస పోయింది. రేపు ఏదో ఒక అంకె వచ్చి భత్యం రాకపోతే, ఇంకో పదేళ్లకు డెబ్బై దాటిన మనుషులు మళ్లీ ఢిల్లీ జంతర్‌మంతర్‌లో ధర్నాకు కూర్చోవాలి.

ఈ మాటకు సాక్ష్యం గోదావరిఖనిలో, మందమర్రిలో, భూపాలపల్లిలో ఉంది. బొగ్గు గనుల పింఛను పథకం 1998లో వచ్చింది. ఈపీఎస్ కన్నా దాని సూత్రం ఉదారమైనది. పరిమితి లేదు, చివరి పది నెలల సగటు జీతంలో 25 శాతం. ముప్పై ఏళ్ల సర్వీసుంటే పూర్తిగా, తక్కువుంటే ఆ దామాషాలో. కానీ దిగిన రోజు ఎంతుందో చచ్చేదాకా అంతే. 2002లో పది వేల సగటు జీతంతో దిగినవారికి 2,500 కట్టి ఉంటే, నేటికీ ఆ 2,500 మాత్రమే. ఈలోగా గనిలో జీతాలు వేజ్‌బోర్డు ఒప్పందం తర్వాత ఒప్పందం పెరుగుతూ పోయాయి. 2021 జులై నుంచి అమలైన పదకొండో ఒప్పందమే 19 శాతం పెంచింది. దాంతో ఒకే షాఫ్టులో, ఒకే పని చేసిన తండ్రికొడుకుల్లో కొడుకు పింఛను తండ్రి పింఛనుకు ఎన్నో రెట్లవుతోంది. నకారా తీర్పు తప్పన్నది ఇలాంటి గీతనే. కాకపోతే ఇక్కడ గీసింది తేదీ కాదు, ధరల పెరుగుదల.

రాష్ట్ర సర్కారు ఉద్యోగుల బాధ వేరు. వారి పింఛనులో కరువుభత్యం ఉంది, నెలనెలా వస్తుంది. ఆగింది మూట. 2021లో రిటైర్మెంట్ వయసును 58 నుంచి 61కి పెంచడంతో మూడేళ్లపాటు వయసు నిండి దిగినవారు దాదాపు లేరు. 2024 మార్చి నుంచి తూము ఎత్తినట్టయింది. నెలనెలా దిగేవారికి గ్రాట్యుటీ (గరిష్ఠంగా 16 లక్షలు), కమ్యూటేషన్ (పింఛనులో కొంత ముందే మూటగా తీసుకునేది), 300 రోజుల దాకా లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, జీపీఎఫ్, ఇన్సూరెన్స్ అన్నీ ఒకేసారి ఇవ్వాలి. బిల్లులు ట్రెజరీ దాటి ముందుకు కదలక హైకోర్టు మెట్లెక్కినవారు చాలామంది. జీపీఎఫ్ అయితే సొంత జీతంలోంచి దాచుకున్నదే. మోకాలి ఆపరేషన్‌కని, ఇంటి అప్పు కడదామని పెట్టుకున్న లెక్క టోకెన్ నంబరు దగ్గర ఆగింది. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరి, జీతంలోంచి వాటా కట్టే కొత్త పింఛను పథకం సీపీఎస్‌లో ఉన్నవారికి ఈ మాత్రం పింఛను భరోసా కూడా లేదు. అది వేరే వ్యాసానికి సరిపడేంత గొడవ.

మంచం మీద పడితేనే వైద్యమా

అరవై దాటిన మనిషి వైద్యం ఖర్చు రెండు రకాలు. ఒకటి ఎప్పుడో ఒకసారి వచ్చేది: స్టెంటు, తుంటి ఎముక, క్యాన్సర్. రెండోది నెలనెలా తప్పనిది: గోలీలు, రక్తపరీక్ష, కంటి చుక్కలు, ఇన్సులిన్. గత ఇరవై ఏళ్లలో సర్కార్లు, కంపెనీలు పోటీపడి కార్డులిచ్చింది దాదాపు అంతా మొదటి రకానికే.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రం ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచింది. 2024 అక్టోబర్ 29న కేంద్రం ఆయుష్మాన్ వయ వందన తెచ్చింది. డెబ్బై నిండితే చాలు, ఆదాయం ఎంతున్నా ఐదు లక్షల వైద్యం. మంచివే, ప్రాణాలు నిలబెట్టేవే. కానీ రెండూ ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాది ఫాలోఅప్ మందులుంటాయి, డయాలసిస్ ఉంది. మామూలు షుగర్ గోలీకి మాత్రం ఈ రెండు కార్డులూ పలకవు. షుగర్ గోలీ నెలల తరబడి మానేసిన మనిషి కాలు తీసేయాల్సి వస్తే అప్పుడు కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

వయసులోనూ ఒక గుంత ఉంది. ఫ్యాక్టరీ మనిషి 58కి దిగుతారు, సర్కారు మనిషి, సింగరేణి మనిషి 61కి. వయ వందన 70కి. ఈ మధ్య తొమ్మిది నుంచి పన్నెండేళ్లు, ఆహార భద్రత కార్డుంటే ఆరోగ్యశ్రీ. ఆ కార్డుకు ఆదాయ పరిమితి పట్నంలో ఏడాదికి రెండు లక్షలు, పల్లెలో లక్షన్నర. నెలకు 17 వేలు వచ్చే కుటుంబం వరంగల్‌లో ఆ గీత దాటేస్తుంది. పదిహేడు వేలతో ప్రైవేటు ఇన్సూరెన్స్ కడదామంటే షుగర్, బీపీ ఉన్న అరవై రెండేళ్ల మనిషికి ప్రీమియం చూస్తేనే కళ్లు తిరుగుతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. సీనియర్ల ప్రీమియంను ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే ముందుగా తనను అడగాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. కొంత ఊరట. ఉన్న రోగానికి మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టే నిబంధన మాత్రం అలాగే ఉంది.

సింగరేణిలో కార్మికుడు దిగేటప్పుడు 40 వేలు కట్టి మెడికల్ స్కీంలో చేరితే భార్యాభర్తలిద్దరికీ కలిపి జీవితకాలానికి ఎనిమిది లక్షలు. బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్లో మోసుకొచ్చిన మనిషికి, 61 నుంచి 80 దాకా బతికితే, అది ఏడాదికి ఇద్దరికీ కలిపి 42 వేల చొప్పున పడుతుంది. ఒక్క పెద్ద ఆపరేషన్‌తో ఎంత కరిగిపోతుందో చెప్పనక్కర్లేదు.

రిటైరైనవారికి గోలీలిచ్చే ముఖ్యమైన ఏర్పాట్లు మూడు. సొంత ఆసుపత్రులున్న రైల్వే, సింగరేణి. వెల్‌నెస్ సెంటర్లున్న ఈహెచ్‌ఎస్. మూడోది కార్మికుల బీమా వైద్యం ఈఎస్ఐ, రిటైరయ్యాక కూడా ఇది దొరుకుతుందని తెలిసినవాళ్లు ఆశ్చర్యంగా తక్కువ. ఐదేళ్లకు తగ్గకుండా ఈఎస్ఐలో ఉండి వయసు నిండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, భార్యకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నూట ఇరవై, నెలకు పది రూపాయలు. డిస్పెన్సరీలో గోలీలతో సహా. మన ఫిట్టర్‌కు ఆ దారి ఉండేదేమో. రిటైరైన రోజు శాలువా కప్పినవారు ఈ ముక్క చెప్పలేదు. ఇప్పుడు తెలిసి అడగబోతే, వయసు నిండే దాకా పనిచేశారని రాసివ్వాల్సిన యాజమాన్యం లేదు.

బీడీ కార్మికులకు కేంద్ర కార్మిక సంక్షేమ డిస్పెన్సరీలున్నాయి. వాటికి ప్రాణం పోసింది 1976లో పెట్టిన బీడీ సెస్సు. జీఎస్టీ వచ్చిన 2017లో ఆ సెస్సు రద్దయింది. అప్పటి నుంచి ఆ వైద్యం బడ్జెట్ ఎంత విదిలిస్తే అంతే.

‘పీహెచ్‌సీలో బీపీ, షుగర్ గోలీలు ఉత్తగనే ఇస్తున్నరు గదా’ అంటారు. నిజమే, ఇస్తున్నారు. పల్లె దవాఖానల్లో, బస్తీ దవాఖానల్లో దొరుకుతున్నాయి, తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో పరీక్షలూ ఉచితమే. మొదటి మెట్టు రోగాలకు అది చాలు. స్టెంటు పడిన మనిషికి రక్తం గడ్డకట్టకుండా వేసే గోలీలు, ఆయాసానికి ఇన్‌హేలర్, పార్కిన్సన్స్ మందులు, రెండు రకాల ఇన్సులిన్ అన్నప్పుడు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ చడీచప్పుడు లేకుండా పనికొస్తున్నవి జన ఔషధి దుకాణాలు. అదే మందు సగం కన్నా తక్కువకే దొరుకుతుంది. కాకపోతే డాక్టరు కంపెనీ పేరు రాస్తాడు, దుకాణంలో మందు అసలు పేరుంటుంది, రెండూ ఒకటేనని డెబ్బై ఏళ్ల మనిషికి నమ్మకం కుదిర్చే ఓపిక కౌంటర్లో ఎవరికీ ఉండదు.

వేలిముద్ర, మారుపేరు, మూతపడ్డ గేటు

ఉత్తర తెలంగాణలో పింఛను సమస్యకు ఇంకెక్కడా లేని ఒక రంగుంది. ఇది మూతపడ్డ ఫ్యాక్టరీల నేల. నిజాం కాలంలో 1934లో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లుకు తాళం పడి రెండు దశాబ్దాలు దాటింది. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, కొత్త కంపెనీగా 2021లో మళ్లీ యూరియా తీసింది. మంగపేట మండలం కమలాపురం రేయాన్స్, కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు రెండూ 2014లో ఆగాయి. సిర్పూర్ 2018లో చేతులు మారి మళ్లీ నడిచింది, కమలాపురానికి ఆ భాగ్యం పట్టలేదు. 2015 డిసెంబర్‌లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది.

ఫ్యాక్టరీ మూతపడితే జీతం ఆగుతుందని అందరికీ తెలుసు. సంతకం కూడా ఆగిపోతుందని పదిహేనేళ్ల తర్వాత, 58 నిండి పింఛను దరఖాస్తు ఫారం 10-డి నింపేటప్పుడు తెలుస్తుంది. చేరిన తేదీ తప్పు పడింది, సరిచేయాలి. ఎవరు సంతకం పెట్టాలి? పేరులో అక్షరం తేడా. ఎవరు ధ్రువీకరించాలి? మూతపడ్డ సంస్థల విషయంలో గెజిటెడ్ అధికారి లాంటివారి ధ్రువీకరణను భవిష్యనిధి సంస్థ అంగీకరిస్తుంది. ఆ దారి ఉందని తెలిసి నడిపించే మనిషి పక్కనుండాలి. దివాలా చట్టం కింద ఫ్యాక్టరీని అమ్మేసినా పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధుల్లో కార్మికులకు రావాల్సింది అప్పులోళ్ల వాటాలో కలపడానికి వీల్లేదన్నది ఇంకా తక్కువమందికి తెలిసిన సంగతి. గ్రాట్యుటీ కూడా చిన్నదేం కాదు. పదిహేను వేల చివరి జీతంతో ముప్పై ఏళ్లు చేసినవారికి, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున, 26తో భాగించే లెక్కలో రెండు లక్షల అరవై వేలకు దగ్గర పడుతుంది.

సింగరేణిలో ఇంకో చిక్కు, మారుపేర్లు. పాతకాలంలో అన్న పేరు మీదో, ఊరివాడి పేరు మీదో గనిలో చేరి, ఆ పేరుతోనే ముప్పై ఏళ్లు పనిచేసిన మనుషులున్నారు. సర్వీసు రికార్డులో ఒక పేరు, ఓటరు కార్డులో ఇంకోటి. మనిషి ఉన్నన్ని రోజులు నడిచిపోతుంది. పోయాక భార్యకు వితంతు పింఛను రావాలంటే ఇద్దరూ ఒక్కరేనని ఆమె రుజువు చేయాలి. ఆమె పేరు ఊళ్లో లచ్చవ్వ, రేషన్ కార్డులో లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మమ్మ, కంపెనీ ఫారంలో ఎల్. లక్ష్మీబాయి. నాలుగు పేర్ల మధ్య నెలలు గడిచిపోతాయి.

ఏటా బతికే ఉన్నామని చెప్పుకోవడం ఇంకో తంతు. 2014 నవంబర్‌లో ఆధార్‌తో ఇచ్చే జీవన్ ప్రమాణ్ పత్రం వచ్చాక బ్యాంకు ముందు క్యూ తగ్గింది. ఈపీఎస్ పింఛనుదారులు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. చిక్కల్లా వేలిముద్ర దగ్గరే. నలభై ఏళ్లు బీడీలకు తునికాకు తిప్పిన బొటనవేలి మీద గీతలుండవు. మీసేవలో వేలు తుడిచి, కొంగుకు రుద్ది, నూనె రాసి, మళ్లీ పెట్టి, మిషన్ మళ్లీ ఎర్రలైటు వేస్తే ఆ అమ్మ ముఖం చూడాలి. పని చేసి చేసి ముద్ర పోయింది, ముద్ర లేదు కాబట్టి పింఛను ఆగింది. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇచ్చే ఏర్పాటుంది. మనవడు ఇంట్లో ఉంటే రెండు నిమిషాల పని.

సంఘం అంటే ధర్నా ఒక్కటే కాదు

పింఛనుదారుల సంఘాల బలాన్ని సభకు వచ్చిన జనంతో కొలవడం అలవాటైంది. పై చిక్కులు చూస్తే వేరే కొలత తడుతుంది. ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఫారం 10-డి ఎలా నింపాలో తెలిసిన ఒక రిటైర్డ్ క్లర్కు ఉన్న సంఘం, మైకులున్న సంఘం కన్నా ఎక్కువమందికి పింఛను ఇప్పిస్తుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో భవిష్యనిధి ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. ప్రతి నెలా 27న ‘నిధి ఆప్కే నికట్’ పేరుతో ఆ అధికారులు జిల్లాల్లోకి వచ్చి ఫిర్యాదులు తీసుకుంటారు. ఆ రోజు ఖాళీ చేతులతో పోయినవారికి ‘కాగితాలు తెండి’ అన్న మాట దక్కుతుంది, ముందు రోజు సంఘం టేబుల్ దగ్గర కాగితాలు సర్దుకొని పోయినవారికి పని అవుతుంది.

పెద్ద డిమాండ్లు వదిలేయమని దీనర్థం కాదు. ఈపీఎస్, బొగ్గు పింఛను రెండింటికీ కరువుభత్యం ఢిల్లీలో తేలాల్సిందే, రాష్ట్ర బకాయిలు హైదరాబాద్‌లో తేలాల్సిందే. గోలీల సమస్య మాత్రం జిల్లాలోనే తేల్చుకోగలిగింది, దాన్ని సాధించడం ఒంటరిగా ఏ సంఘం వల్లా కాదు. భూపాలపల్లి, గోదావరిఖని, బెల్లంపల్లిల్లో సింగరేణి ఆసుపత్రులున్నాయి. కాజీపేటలో రైల్వే ఆసుపత్రి, హనుమకొండలో వెల్‌నెస్ సెంటర్, వరంగల్‌లో ఎంజీఎం సర్కారు దవాఖాన. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి లేచింది. మందులు నిల్వచేసే గదులు ఊరూరా ఉన్నాయి, ఒకరి గదిలోకి ఇంకొకరికి ప్రవేశం లేదు. సింగరేణి కార్డున్న మనిషి హనుమకొండలో గోలీలు తీసుకొని, ఆ బిల్లు కంపెనీ వెల్‌నెస్ సెంటర్‌కు కట్టుకునే ఒప్పందానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏ పింఛను ఉత్తర్వు చూపినా నెల మందులు సరసమైన ధరకు ఇచ్చే ఒక కౌంటర్ ఎంజీఎంలో పెట్టడానికీ అక్కర్లేదు. అడిగేవాళ్లు కావాలి. ఆర్టీసీవాళ్లు ఆర్టీసీ మాటే, టీచర్లు ఈహెచ్‌ఎస్ మాటే ఎత్తుతుంటే కలెక్టర్‌కు నాలుగు వినతిపత్రాలు అందుతాయి, నాలుగూ నాలుగు శాఖలకు పోతాయి.

టీచర్ల సంఘానికి ఆఫీసుంది, రాయడం వచ్చినవాళ్లున్నారు. సింగరేణివాళ్లకు సమ్మెలు నడిపిన అనుభవముంది. రైల్వేవాళ్లకు రూల్స్ కంఠతా వచ్చు. బీడీ అమ్మలకు, మూతపడ్డ ఫ్యాక్టరీ మనుషులకు ఈ మూడూ లేవు, అవసరం మాత్రం అందరికన్నా వారికే ఎక్కువ. ఆ టేబుల్ దగ్గర మూడో కుర్చీ వేయాల్సింది వారికే. మొదటి పనిగా ఆ ఫిట్టర్ పాత ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ పాసుబుక్కు, చివరి జీతం చీటీ ఒక కవర్లో పెట్టించి, ఫ్యాక్టరీ లేకపోయినా ఆ 120 రూపాయలు కట్టించుకోవడానికి ఏ కాగితం సరిపోతుందో ఈఎస్ఐ ఆఫీసును రాతపూర్వకంగా అడిగి చూడవచ్చు.